మోటార్‌సైకిల్ ముందు ఫోర్కులు, స్టీరింగ్ బేరింగులు: తొలిసారి సర్వీసు చేసేవారు తెలుసుకోవలసినవి

సర్వీసుకు వెళ్లిన మోటార్‌సైకిల్‌కు ఇంజిన్ ఆయిల్ మారుతుంది, చైను బిగుస్తుంది, బ్రేకులు సరవుతాయి. ముందు ఫోర్కుల్లోని నూనె మాత్రం బండి కొన్న రోజు నుంచి అమ్మిన రోజు వరకు అదే ఉండిపోవడం మన దేశంలో అసాధారణం కాదు. హ్యాండిల్ కింద ఉండే స్టీరింగ్ బేరింగుల సంగతి అంతకన్నా అన్యాయం. అవి అరిగి శబ్దం చేసే వరకు వాటి ఉనికే చాలామందికి గుర్తుకు రాదు.

ఈ రెండు భాగాల నిర్లక్ష్యం సౌకర్యానికి మాత్రమే సంబంధించినది కాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువులో అధిక భాగం ముందు చక్రం మీదికి వస్తుంది. ఆ భారాన్ని మోసేవి ఫోర్కులు. దాన్ని చట్రానికి అందజేసేవి స్టీరింగ్ బేరింగులు. ఫోర్కు సీలు చెడి కారిన నూనె డిస్కు మీద పడితే, బ్రేకు అవసరమైన క్షణంలోనే పట్టు తప్పుతుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. బండి ముందు భాగం ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు మొరాయిస్తుందో తెలిసి ఉండటం ఆ దృష్టితో చూస్తే అనవసరమైన జ్ఞానం కాదు.

కాస్త ఓపిక, సరైన పనిముట్లు, బండికి సంబంధించిన సర్వీసు మాన్యువల్ ఉంటే 100 నుంచి 350 సీసీ వరకు ఉన్న సాధారణ మోటార్‌సైకిళ్లపై ఈ పనిని కొత్తవారు కూడా నేర్చుకోవచ్చు. అయితే ఎక్కడ తొందరపడకూడదో ముందే తెలిసి ఉండాలి.

లోపల ఏముంది

చక్రానికి ఇరువైపులా నిలబడి ఉండే రెండు కాళ్లనే ఫోర్కులు అంటారు. పంగలకర్రలా రెండుగా చీలి ఉండటమే ఆ పేరుకు మూలం. మెకానిక్‌ల నోట ఇవి ‘ముందు షాకులు’, ‘షాకబ్జర్లు’గా మారాయి. ఒక్కో కాలిలో క్రోమియం పూత పూసిన ఉక్కు గొట్టం ఒకటి, అది జారుతూ లోపలికీ బయటికీ కదిలే అల్యూమినియం గొట్టం మరొకటి ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూరే ఈ అమరికకే టెలిస్కోపిక్ ఫోర్కు అని పేరు. నూనెతో కదలికను అదుపు చేసే ఇటువంటి ఫోర్కులను 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 మోడల్‌తో ఉత్పత్తిలోకి తెచ్చింది. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బుల్లెట్ మొదలుకొని నేటి 100 సీసీ బండ్ల వరకు మన రోడ్ల మీద తిరిగే మోటార్‌సైకిళ్లలో అత్యధికం ఈ కుటుంబానికి చెందినవే.

గొట్టం లోపల పొడవాటి స్ప్రింగు ఉంటుంది. బరువును మోసేది అదే. స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంతలో పడిన బండి బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఆ ఊపును అణచడం నూనె పని. అడుగున బిగించి ఉన్న సన్నని కడ్డీకి, అంటే డ్యాంపర్ రాడ్‌కు, చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఫోర్కు కుదించుకున్నప్పుడు, తిరిగి చాచుకున్నప్పుడు నూనె ఆ రంధ్రాల గుండా బలవంతంగా ప్రయాణించవలసి వస్తుంది. చాచుకునేటప్పుడు దారి మరింత ఇరుకుగా ఉండేలా రూపొందిస్తారు కనుక స్ప్రింగు ఒక్కసారిగా విడుదల కాదు. కాలక్రమంలో నూనె పలచబడి, లోహపు రజను, తేమ కలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు బండి ముందు భాగం ‘మెత్తగా’ అయిందని యజమాని అనుకుంటాడు. నిజానికి స్ప్రింగు మెత్తబడలేదు, నూనె పని మానింది.

రెండు ఫోర్కులనూ పట్టి ఉంచే కింది పలకను, దానికి అతికి ఉండే నిలువు కడ్డీని కలిపి మెకానిక్‌లు ‘టీ’ అని పిలుస్తారు. ఆ కడ్డీ చట్రం ముందున్న గొట్టంలో తిరుగుతుంది. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు బేరింగులు దాన్ని పట్టి ఉంచుతాయి. చాలా చిన్న బండ్లలో ఇవి గిన్నె, శంకువు ఆకారంలోని రెండు ఉక్కు వలయాల మధ్య విడివిడిగా పేర్చిన ఉక్కు గోళీలే. దుకాణంలో అడగవలసిన పేరు ‘కోన్‌సెట్’ లేదా ‘బాల్ రేసర్ కిట్’. కొన్ని బండ్లలో గోళీలకు బదులు ఏటవాలు రోలర్ బేరింగులు ఉంటాయి. 1898లో హెన్రీ టిమ్కెన్ గుర్రపు బండ్ల ఇరుసుల కోసం పేటెంటు పొందిన ఆలోచనే ఇది. గోళీ ఒక బిందువు దగ్గర ఆనుతుంది, రోలరు ఒక గీత పొడవునా ఆనుతుంది. అందువల్లనే రోలరు ఎక్కువ భారాన్ని ఎక్కువ కాలం మోయగలదు.

లోపం ఎక్కడుందో గుర్తించడం

విప్పకముందే చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటికి పది నిమిషాలు చాలు.

మొదటిది కళ్లతో చూడటం. దుమ్మును ఆపే రబ్బరు తొడుగును కొద్దిగా పైకి జరిపి క్రోమియం గొట్టాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టుకొని బండిని నాలుగైదు సార్లు గట్టిగా కిందికి నొక్కాలి. గొట్టం మీద పలుచని తడి పొర కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. స్పష్టమైన నూనె వలయం ఏర్పడినా, చుక్కలు జారినా సీలు పోయినట్టే. అదే సమయంలో గొట్టం పొడవునా వేలిగోరు నడిపించి చూడాలి. రాయి తగిలిన గంటు, తుప్పు తిన్న గుంట గోరుకు తగులుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలికి ఆరుబయట నిలిపే బండ్లలో ఈ గుంటలు త్వరగా వస్తాయి. ఆ గుంట సీలు కదిలే మేరలో ఉంటే కొత్త సీలును సైతం అది బ్లేడులా కోసేస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతోందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం సీలు నాణ్యత కాదు, ఈ గుంటే.

కొన్నిసార్లు కారడానికి కారణం సీలు పెదవి కింద ఇరుక్కున్న బురద రేణువు మాత్రమే కావచ్చు. పలుచని ప్లాస్టిక్ ఫిల్ము ముక్కను కొక్కెం ఆకారంలో కత్తిరించి సీలు, గొట్టం మధ్య నెమ్మదిగా తిప్పి ఆ మురికిని లాగేస్తే కారడం ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. విప్పే ముందు ఒకసారి ప్రయత్నించడంలో నష్టం లేదు.

రెండో పరీక్ష స్టీరింగుకు. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలిపి, ఇంజిన్ కింద చెక్క దుంగ పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాలి. ఒకరు వెనుక కూర్చుని బండిని స్థిరంగా పట్టుకుంటే మేలు. ఫోర్కుల అడుగు భాగాన్ని రెండు చేతులతో పట్టుకొని ముందుకు, వెనక్కి లాగి చూడాలి. ‘టక్’మని ఆట తగిలితే బేరింగులు వదులయ్యాయి. తరువాత హ్యాండిల్‌ను ఒక అంచు నుంచి మరో అంచుకు వేలితో నెమ్మదిగా తిప్పాలి. సరిగ్గా తిన్నగా ఉన్న చోట అది గాడిలో పడినట్టు ఆగితే, వలయాల మీద గోళీల అచ్చులు పడ్డాయని అర్థం.

ఈ అచ్చులు ఎందుకు పడతాయన్నది ఆసక్తికరమైన విషయం. గుంతల దెబ్బకు గోళీలు వలయాల్లోకి దిగబడతాయన్నది వాడుకలో ఉన్న వివరణ. అది కొంతవరకే నిజం. తిన్నని రోడ్డు మీద గంటల తరబడి వెళ్లేటప్పుడు స్టీరింగు దాదాపు కదలదు. గోళీలు ఒకే చోట నిలిచి అతి సూక్ష్మంగా అదురుతూ ఉంటాయి. ఆ అదురుకు వాటి కింద ఉన్న గ్రీజు పక్కకు తొలగిపోయి, లోహం లోహాన్ని రాపాడి గుంటలు చేస్తుంది. అందుకే హైవే మీద ఎక్కువగా తిరిగే బండ్లలోనూ ఈ లోపం కనిపిస్తుంది. ఎండిపోయిన గ్రీజే అసలు శత్రువు.

వదులైన బేరింగుతో బ్రేకు వేసినప్పుడల్లా ముందు భాగం వణుకుతుంది. అతిగా బిగిసిన బేరింగు ప్రమాదం మరో విధమైనది. తక్కువ వేగంలో బండి ఒక గీత మీద నిలవదు, అటూ ఇటూ ఊగిసలాడుతుంది. సమతౌల్యం కోసం నడిపేవారికి తెలియకుండానే హ్యాండిల్ చేసే చిన్న చిన్న సవరణలకు ఆ బిగువు అడ్డుపడటమే ఇందుకు కారణం. ‘బిగిస్తే చాలు’ అని రోడ్డు పక్కన పానాతో ఒక చుట్టు తిప్పించుకొని వెళ్లే అలవాటు అందువల్ల మంచిది కాదు.

పనికి ముందు

సాకెట్ల సెట్టు, అలెన్ కీలు, టార్క్ రెంచి, కొక్కెం పానా, క్లిప్పులు తీసే ప్లయర్, మి.లీ. గుర్తులున్న కొలపాత్ర లేదా పెద్ద సిరంజి, కొత్త సీళ్లు, ఫోర్క్ ఆయిల్, నీటిని తట్టుకునే గ్రీజు ఉండాలి. వీటిలో కొత్తవారు ఎక్కువగా వదిలేసేది టార్క్ రెంచి. అల్యూమినియం మరలు ఒకసారి చెడితే ఆదా చేసిన సొమ్ము కన్నా ఖర్చే ఎక్కువవుతుంది.

ప్రతి బండికీ నూనె పరిమాణం, బిగింపు కొలతలు వేరు. చిన్న బండ్లకు ఒక్కో కాలికి సుమారు 150 నుంచి 200 మి.లీ. నూనె పడుతుంది. కచ్చితమైన అంకె మాన్యువల్‌లోనే చూడాలి. యూట్యూబ్ వీడియోలో మరో మోడల్‌కు చెప్పిన అంకెను తెచ్చి పోయడం తగదు.

బండిని నిలపడం ఈ పని మొత్తంలో అత్యంత కీలకమైన దశ. ముందు చక్రం, ఫోర్కులు తీసేశాక బండి బరువంతా వెనక్కి, పక్కకు మారుతుంది. సైడ్ స్టాండ్ మీద ఈ పని ఎంతమాత్రం చేయరాదు. మెయిన్ స్టాండ్‌తో పాటు ఇంజిన్ అడుగున గట్టి ఆధారం ఉండాలి. సైలెన్సర్ గొట్టం మీద జాకీ పెట్టకూడదు. కొన్ని బండ్లకు ఇంజినే చట్రంలో భాగం, మరికొన్నిటికి అడుగున చట్రపు గొట్టాలు ఉంటాయి. ఆధారం దేని మీద ఆనుతోందో చూసుకోవాలి.

తలకిందులుగా అమర్చిన యూఎస్‌డీ ఫోర్కులు, లోపల కార్ట్రిడ్జి ఉండే రకాలు ఇక్కడి వివరణ పరిధిలోకి రావు. 2012లో కేటీఎం డ్యూక్ 200తో మన మార్కెట్‌లో అవి సామాన్యులకు పరిచయమయ్యాయి. వాటికి స్ప్రింగును నొక్కిపట్టే ప్రత్యేక సాధనాలు కావాలి. తొలిసారి చేసేవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఫోర్కు విప్పడం

డిస్కు బ్రేకు ఉన్న బండిలో మొదట క్యాలిపర్ విప్పి, తీగతో చట్రానికి వేలాడదీయాలి. గొట్టం మీదే దాని బరువు పడితే లోపల దెబ్బ తింటుంది. ఏబీఎస్ ఉంటే చక్రం దగ్గరి సెన్సర్ తీగను జాగ్రత్తగా తప్పించాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కావడంతో ఈ తీగ ఇప్పుడు చాలా బండ్లలో ఎదురవుతుంది. క్యాలిపర్ ఊడి ఉండగా పొరపాటున కూడా బ్రేకు లివర్ నొక్కరాదు. ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క ఉంచితే ఆ భయం ఉండదు. ఆ తరువాత ఇరుసు తీసి చక్రాన్ని, మడ్‌గార్డును తప్పించాలి. ఇరుసు మీది వలయాలు ఏ వైపు ఏది ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోవడం తిరిగి బిగించేటప్పుడు గంట సమయాన్ని మిగులుస్తుంది.

ఫోర్కులు ఇంకా బండికే ఉండగా రెండు బోల్టులను కాస్త వదులు చేసుకోవాలి. ఈ క్రమం తెలియకనే చాలామంది మధ్యలో ఆగిపోతారు. మొదటిది పై మూత. పై పలక బిగింపు బోల్టును ముందు వదులు చేసి, ఆపై మూతను పావు చుట్టు తిప్పాలి. కింది పలక గొట్టాన్ని పట్టి ఉంచుతుంది కనుక సులువుగా కదులుతుంది. రెండోది ఫోర్కు అడుగున లోతుగా ఉండే అలెన్ బోల్టు. లోపలి డ్యాంపర్ రాడ్‌ను పట్టి ఉంచేది అదే. స్ప్రింగు లోపల నొక్కుతూ ఉన్నప్పుడు రాడ్ కదలదు, బోల్టు వదులవుతుంది. స్ప్రింగు తీసేశాక ప్రయత్నిస్తే బోల్టుతో పాటు రాడ్ కూడా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అయితే బోల్టును కొద్దిగానే కదిలించాలి, లేకుంటే నూనె నేల పాలవుతుంది.

ఇప్పుడు కింది పలక బోల్టు వదులు చేసి గొట్టాన్ని తిప్పుతూ కిందికి లాగితే ఫోర్కు చేతికి వస్తుంది. పై మూతను పూర్తిగా తీసేటప్పుడు ముఖం దాని మీద వంచరాదు. స్ప్రింగు ఒత్తిడి మూతను తూటాలా ఎగరవేయగలదు. అరచేతితో మూతను కిందికి నొక్కి పట్టి, చివరి మర వదిలే వరకు నెమ్మదిగా తిప్పాలి. స్ప్రింగు తీసేటప్పుడు దగ్గరి చుట్లున్న కొస ఏ వైపు ఉందో గుర్తు పెట్టుకోవాలి. నూనెను పాత డబ్బాలోకి వంచి, ఫోర్కును పదిసార్లు ఆడించి చివరి చుక్క వరకు తీసేయాలి. వచ్చిన నూనె రంగు చాలా సంగతులు చెబుతుంది. పాలు కలిపినట్టు ఉంటే నీరు చేరింది. మిలమిలలాడే రజను ఉంటే లోపలి బుష్‌లు అరిగాయి.

సీలు, నూనె

దుమ్ము తొడుగును, దాని కింద ఉండే తీగ క్లిప్పును తీసి, అడుగు బోల్టును పూర్తిగా విప్పితే క్రోమియం గొట్టం విడివడుతుంది. కొన్ని బండ్లలో గొట్టంతో పాటే సీలు కూడా బయటికి రావడానికి సుత్తి దెబ్బలా రెండు మూడుసార్లు విసురుగా లాగవలసి ఉంటుంది. సాధారణ కమ్యూటర్ బండ్లలో సీలు లోపలే ఉండిపోతుంది. దాన్ని వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో పెకలించాలి. స్క్రూడ్రైవర్ కింద దళసరి గుడ్డ మడతపెట్టి ఉంచకపోతే అల్యూమినియం అంచు చీరుకుపోతుంది. అక్కడ పడిన గీత జీవితాంతం నూనె కారుస్తుంది.

గొట్టం తిన్నగా ఉందో లేదో ఇప్పుడే చూడాలి. చదునైన గాజుపలక మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. చాలా మాన్యువళ్లు 0.2 మి.మీ. మించిన వంపును అంగీకరించవు. వంగిన గొట్టాన్ని ప్రెస్సులో పెట్టి ‘బెండు తీయించడం’ మన వీధుల్లో మామూలు వ్యవహారం. కొద్దిపాటి వంపుకు అది పనికొస్తుందని వాదించేవారు ఉన్నా, ముడత పడిన గొట్టానికి, క్రోమియం పొర చిట్లిన గొట్టానికి ఆ వైద్యం చేయించడం ప్రాణంతో బేరమాడటమే. గోరుకు తగిలే చిన్న గంటును మాత్రం 2000 నంబరు నీటి కాగితంతో అడ్డంగా, గొట్టం చుట్టూ తిప్పుతూ నునుపు చేయవచ్చు.

కొత్త సీలును ఎక్కించేటప్పుడు రెండు జాగ్రత్తలు చాలు. గొట్టం పై అంచు పదునుగా ఉంటుంది కనుక దాని మీద పాలిథిన్ కవరు తొడిగి, నూనె రాసి, దాని మీదుగా సీలును జార్చాలి. సీలు లోపలి చిన్న స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు, అంటే కిందికి ఉండాలి. అక్షరాలున్న వైపు సాధారణంగా పైకి వస్తుంది. కిందికి కొట్టడానికి ప్రత్యేక పనిముట్టు లేకపోతే సరైన వ్యాసమున్న పీవీసీ గొట్టం ముక్క పనికొస్తుంది. మధ్యలో పాత సీలును పెట్టి దాని మీద కొడితే కొత్తది దెబ్బతినదు. శబ్దం మారి ‘ఠణ్’మన్నప్పుడు అది పీఠం మీద కూర్చున్నట్టు. క్లిప్పు గాడి పూర్తిగా కనిపించాలి. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషరు వేసి బిగించాలి. పాత వాషరుతో కారిన నూనెను సీలు తప్పుగా పొరబడటం సాధారణంగా జరిగేదే.

నూనె విషయంలో ఒక అపోహ తొలగాలి. ఇంజిన్‌కు పోయగా మిగిలిన ఆయిల్‌ను ఫోర్కుల్లో పోయడం పాత అలవాటు. ఇంజిన్ ఆయిల్ అంకెలూ ఫోర్క్ ఆయిల్ అంకెలూ ఒకే కొలమానం కావు. 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్, 40 డిగ్రీల వద్ద 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ కన్నా గణనీయంగా చిక్కగా ఉంటుంది. పైగా నురగ పట్టకుండా ఉండటం, సీళ్లను పాడు చేయకపోవడం ఫోర్క్ ఆయిల్‌కు ప్రత్యేకంగా కావలసిన గుణాలు. రెండు కంపెనీల 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. ఒక కాలిలో ఒకటి, మరో కాలిలో మరొకటి పోయడం మాత్రం ఎప్పుడూ తగదు.

కొలిచిన నూనె పోసి, గొట్టాన్ని నెమ్మదిగా పైకీ కిందికీ పది సార్లు ఆడిస్తే లోపలి గాలి బుడగలు బయటికి వస్తాయి. తరువాత స్ప్రింగు లేకుండా గొట్టాన్ని పూర్తిగా లోపలికి నొక్కి, పై అంచు నుంచి నూనె మట్టం వరకు ఉన్న దూరాన్ని స్కేలుతో కొలవాలి. పోసిన మి.లీ. కన్నా ఈ కొలతే నమ్మదగినది. పాత నూనె కొంత లోపల మిగిలిపోయి ఉండవచ్చు మరి. నూనె పైన ఉన్న గాలి కూడా ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. నూనె ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి, గుంతలో పడినప్పుడు ఒత్తిడి పెరిగి కొత్త సీలునే బయటికి తన్నేస్తుంది. ‘కాస్త ఎక్కువ పోస్తే మంచిదే’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

కోన్‌సెట్ మార్చడం

ఫోర్కులు దిగి ఉన్నప్పుడే స్టీరింగ్ పని చేయడం తెలివైన పద్ధతి. పెట్రోల్ ట్యాంక్ మీద దళసరి దుప్పటి పరచి, హ్యాండిల్‌ను దాని మీద వెనక్కి వాల్చాలి. పైన పెద్ద నట్టు, పై పలక తీసేస్తే కింద గాళ్లున్న వలయపు నట్టు కనిపిస్తుంది. కొక్కెం పానా దానికోసమే. ఆ నట్టు తీసే ముందు కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, ఒక చేత్తో టీని పట్టుకోవాలి. లేకపోతే టీ ఒక్కసారిగా జారి గోళీలన్నీ నేల మీద చెల్లాచెదురవుతాయి. పై బేరింగులో ఎన్ని, కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి విడివిడిగా ఉంచాలి. కొన్ని బండ్లలో రెంటి సైజూ ఒకటి కాదు.

వలయాలను కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూస్తే అచ్చులు స్పష్టంగా కనిపిస్తాయి. ఏమీ లేకపోతే కొత్త గ్రీజు పెట్టి తిరిగి అమర్చవచ్చు. ఒక్క అచ్చు ఉన్నా సెట్టు మొత్తం మార్చాలి. పాత గిన్నెల్లో కొత్త గోళీలు వేయడం వృథా.

చట్రంలోని గిన్నెలను తీయడానికి పొడవాటి ఉక్కు కడ్డీని ఎదుటి వైపు నుంచి దూర్చి, అంచు మీద అటొక దెబ్బ ఇటొక దెబ్బ చొప్పున కొట్టాలి. ఒకే వైపు కొడితే గిన్నె అడ్డం తిరిగి చట్రపు గొట్టాన్ని గీరేస్తుంది. కొత్త గిన్నెలను కొన్ని గంటలు ఫ్రిజ్ పై అరలో ఉంచితే రవ్వంత కుంచించుకొని సులువుగా దిగుతాయి. వాటిని దించడానికి పాత గిన్నెనే బోర్లించి మధ్యలో వాడుకోవచ్చు. గోళీలు తిరిగే మెరుపు భాగానికి సుత్తి, కడ్డీ తగలకూడదు. టీ కడ్డీ అడుగున ఉన్న శంకువు తీయడం ఈ మొత్తం పనిలో మొండి భాగం. ఉలితో చుట్టూ కొద్దికొద్దిగా లేపవలసి ఉంటుంది. అది రాకపోతే టీని లేత్ దుకాణానికి తీసుకెళ్లడంలో చిన్నతనం లేదు.

గ్రీజును దండిగా పూసి గోళీలను అందులో అతికించాలి. గ్రీజే వాటిని పట్టి ఉంచుతుంది. లెక్క ప్రకారం పేర్చాక కొద్దిగా ఖాళీ మిగలడం సహజం. ఖాళీ ఉంది కదా అని ఇంకో గోళీని ఇరికించరాదు.

బిగువు సరిచూడటం

వలయపు నట్టును మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగించి, టీని అంచు నుంచి అంచుకు నాలుగైదు సార్లు తిప్పాలి. అప్పుడు గోళీలు, వలయాలు పీఠాల్లో కుదురుకుంటాయి. తరువాత నట్టును వెనక్కి వదులు చేసి, ఆట పూర్తిగా పోయే వరకు మాత్రమే మళ్లీ బిగించాలి. ఫోర్కులు, చక్రం, హ్యాండిల్ అమర్చాక అసలు పరీక్ష ఉంటుంది. చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను తిన్నగా ఉంచి ఒక వేలితో తట్టితే అది తన బరువుతోనే అంచు వరకు వాలిపోవాలి. రెండు వైపులకూ అలాగే వాలాలి. ఫోర్కులు పట్టుకొని లాగితే ఆట తగలకూడదు.

పై పెద్ద నట్టును బిగించినప్పుడు కింది వలయం మీద బిగువు మళ్లీ కొంత పెరుగుతుంది. కనుక బిగించడం, పరీక్షించడం, వదులు చేయడం రెండు మూడు సార్లు పునరావృతమవుతాయి. కేబుళ్లు, తీగలు లాగుతున్నా హ్యాండిల్ బిగువుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. రోలర్ బేరింగులకు గోళీలకన్నా కొంచెం ఎక్కువ బిగువు అవసరమవుతుంది.

తిరిగి అమర్చడం

రెండు గొట్టాలూ పై పలక నుంచి ఒకే ఎత్తులో ఉండాలి. మొదట కింది పలక బోల్టులు, తరువాత పై మూతలు, చివరగా పై పలక బోల్టులు బిగించాలి. చక్రం ఎక్కించేటప్పుడు డ్రమ్ము బ్రేకు ఉన్న బండ్లలో ఒక సంగతి ప్రాణాంతకమైనది. బ్రేకు పలక మీది గాడి ఫోర్కు కాలి మీది మొలకలో తప్పనిసరిగా కూర్చోవాలి. అది కూర్చోకపోతే మొదటిసారి బ్రేకు నొక్కగానే పలక చక్రంతో పాటు తిరిగి చక్రాన్ని పట్టేస్తుంది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

ఇరుసు నట్టు బిగించాక, ఇరుసును పట్టే చిన్న బోల్టును వదులుగానే ఉంచి, బండిని నేల మీద దించి, బ్రేకు పట్టుకొని ఫోర్కులను ఐదారుసార్లు కుదించాలి. అప్పుడు రెండు కాళ్లూ సమాంతరంగా సర్దుకుంటాయి. ఆ తరువాతే చిన్న బోల్టు బిగించాలి. బండి పడిపోయిన తరువాత చక్రం తిన్నగా ఉన్నా హ్యాండిల్ ఓ పక్కకు తిరిగి కనిపించినప్పుడు కూడా ఇదే చిట్కా పనిచేస్తుంది. ఇరుసు, పలకల బోల్టులు వదులు చేసి సరిచేసి బిగిస్తే చాలాసార్లు కొత్త భాగాలు కొనవలసిన అవసరం రాదు.

క్యాలిపర్ బిగించాక బండి కదిలించే ముందు బ్రేకు లివర్‌ను గట్టిపడే వరకు పదే పదే నొక్కాలి. పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కనుక మొదటి నొక్కులో లివర్ హ్యాండిల్ వరకు వచ్చేస్తుంది, బ్రేకు పడదు. డిస్కు మీద వేలిముద్రంత నూనె ఉన్నా బ్రేకు క్లీనర్‌తో తుడిచేయాలి. నూనె పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం కడగడం కాదు, మార్చడమే శరణ్యం.

తొలి ప్రయాణం ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతో, మెత్తని బ్రేకుతో మొదలవాలి. కొత్త వలయాలు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరింత సర్దుకొని కాస్త ఆట వస్తుంది కనుక అప్పుడు బిగువు మళ్లీ చూసుకోవాలి. నూనె మార్పుకు చాలామంది మెకానిక్‌లు 20,000 కి.మీ. లేదా రెండేళ్లను లెక్కగా పెట్టుకుంటారు. బురద రోడ్ల మీద, పొలం గట్ల మీద తిరిగే బండికి ఆ గడువు ఇంకా ముందే వస్తుంది. తీసిన పాత నూనెను కాలువలో పోయడం సరికాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగానే పరిగణిస్తాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, ఇంజిన్ ఆయిల్ సేకరించే గ్యారేజీలో అప్పగించాలి.